వాటా పెట్టే ముందు లెక్క పెట్టండి

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎగైలాలోని మన తెలుగువారి గదుల్లో సాధారణంగా రెండు పనులు జరుగుతుంటాయి. ఒకటి నిద్ర, రెండవది వ్యాపారం మాటలు. విల్లాల వెనుక డ్రైవర్ గదుల్లోనైనా, పక్కనే మహబూలా ఫ్లాట్లలోనైనా, ఆఖరికి గేట్ మాల్ బయట నిలబడి టీ తాగుతున్నా సరే, ఎవరో ఒకరు గొంతు తగ్గించి "అన్నా, మంచి బేరం ఒకటి ఉంది, నువ్వు ఊ అంటే చాలు" అని మొదలుపెడతారు. ఎక్కడో బకాలా అమ్మకానికి ఉందట. సెలూన్ ఖాళీ అవుతోందట. ఊళ్లో బావమరిది గేదెల ఫారం పెడతాడట. రాజంపేట రోడ్డులో ప్లాట్లు వేస్తున్నారట, ముందు కట్టినవారికి సగం ధరేనట. అన్నీ "అట"లే. అయినా సాయంత్రానికి సగం మంది కళ్లు మెరుస్తుంటాయి. మర్నాడు ఎక్స్ఛేంజి ముందు వరుసలో నిలబడినవారిలో ఇద్దరు ముగ్గురు ఆ మెరుపుతోనే నిలబడి ఉంటారు.

వ్యాపారం వద్దని మేము అనడం లేదు. అలా అనే హక్కు ఎవరికీ లేదు. ఒకరి కారు తోలుతూ, ఒకరి పిల్లలను ఎత్తుకుంటూ జీవితమంతా గడిపేయాలని ఎవరికి మాత్రం ఉంటుంది? తిరిగి వెళ్లాక చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. మా బాధ వేరే. వంద దినార్ల సెల్‌ఫోన్ కొనడానికి ఫహాహీల్‌లో నాలుగు షాపులు తిరుగుతాం, ఊరికి ఫోన్ చేసి అడుగుతాం, జీతం వచ్చేదాకా ఆగుతాం. పది లక్షల వాటాకు మాత్రం ఒక్క శుక్రవారం చాలు.

ముందు మా సంగతే చెప్పుకుంటాం. కొన్నేళ్ల కిందట మేము నలుగురం కలిసి ఒక టిఫిన్ సెంటరులో వాటాలు పెట్టాం. నడుస్తున్న షాపు అన్నారు, రోజుకు 60 దినార్ల గల్లా అన్నారు. వెళ్లి చూశాం. శుక్రవారం ఉదయం వెళ్లాం. దోశల కోసం జనం బయటిదాకా నిలబడి ఉన్నారు. మంగళవారం కూడా ఒకసారి వెళ్లి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. మనిషికి 1,200 చొప్పున 4,800 దినార్లు పోగు చేశాం. అందులో 3,000 కీ మనీ కింద పాతవారికి వెళ్లిపోయింది. 1,000 అద్దె అడ్వాన్సుకు, వంటింటి మరమ్మతులకు అయింది. మిగిలిన 800 చేతిలో పట్టుకుని మహారాజుల్లా మొదలుపెట్టాం. ఒప్పంద పత్రం ఏమిటంటారా? రెండు వందల పేజీల నోటుబుక్కులో మొదటి పేజీ. నాలుగు పేర్లు, పేరు పక్కన అంకె. సంతకాలు కూడా లేవు. అన్నదమ్ముల్లాంటి వాళ్ల మధ్య సంతకాలేమిటని అప్పట్లో అనుకున్నాం.

జూన్ వచ్చింది. బడులకు సెలవులిచ్చారు, కుటుంబాలన్నీ ఇండియా విమానం ఎక్కాయి, అమ్మకం సగానికి పడింది. ఆగస్టులో వంటమనిషి సెలవు మీద ఊరికి పోయాడు. ఆ తరువాత బలదియా వారు తనిఖీకి వచ్చి హెల్త్ కార్డు విషయంలో జరిమానా రాశారు. లైసెన్సు సొంతదారు ఈ ఏడాది రెన్యువల్‌కు ఎక్కువ ఇవ్వాలన్నాడు. నవంబరులో షట్టరు దించేశాం.

షట్టరు దించిన రాత్రి మాలో ఒకరు కాగితం తీసి లెక్క వేశారు. రోజుకు 60 దినార్లు నిజంగానే వచ్చిందనుకుందాం. నెలకు 1,800. సరుకులకు సగం పోతే 900 మిగులుతుంది. అద్దె 350. ఇద్దరు వంటవాళ్లు, ఒక కుర్రాడు కలిపి 400. లైసెన్సు సొంతదారుకు నెలకు 100. మిగిలేది 50 దినార్లు. నలుగురికి పంచితే మనిషికి 12 దినార్ల 500 ఫిల్సులు. అంటే అమ్మినవాడు చెప్పిన గొప్ప లెక్కే పూర్తిగా నిజమైనా, మా 1,200 తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పట్టేది! ఈ లెక్క వేయడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట డబ్బు ఇవ్వకముందు మాకు దొరకలేదు, షాపు మూసిన తరువాత దొరికింది.

ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదన్న సంగతి పాఠకులు గమనించాలి. మోసం జరిగి ఉంటే తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉండేవాడు. డబ్బు పోయింది సరే, ఆ నలుగురిలో ఇద్దరికి ఈనాటికీ మాటల్లేవు. ఒకరి కూతురి పెళ్లికి రెండవవారికి శుభలేఖ వెళ్లలేదు. ఆ పిల్ల చిన్నప్పుడు మొదటి సైకిలు కొనిపెట్టింది ఆయనే.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. మాలో ఎవరి అకామా ఆ షాపు మీద లేదు. అంటే కౌంటరు దగ్గర నిలబడి మా గల్లా మేమే చూసుకునే వీలు మాకు లేదు. అకామా ఒక కంపెనీ మీద ఉండగా, అనుమతి లేకుండా వేరేచోట పని చేస్తూ దొరికితే దేశం దాటించే దాకా వెళ్తుంది. ఖాదిం వీసా, అంటే 20వ నంబరు మీద ఉన్నవారికి "పగలు ఇంటిపని, సాయంత్రం షాపు" అని ఎవరైనా ప్రతిపాదన తెస్తే, అది వ్యాపార ప్రతిపాదన కాదు, టికెట్టు ప్రతిపాదన.

కువైట్ చట్టం ఈ విషయంలో మొదటినుంచీ ఒకటే మాట చెబుతోంది. 1980 నాటి 68వ నంబరు వాణిజ్య చట్టం ప్రకారం విదేశీయుడు ఇక్కడ వ్యాపారం చేయాలంటే కువైటీ భాగస్వామి ఉండాలి, ఆయన వాటా 51 శాతానికి తగ్గకూడదు. పెద్ద విదేశీ పెట్టుబడుల కోసం 2013లో 116వ నంబరు చట్టం తెచ్చి, అనుమతి పొందిన కంపెనీలకు నూరు శాతం దాకా వీలు కల్పించారు గానీ, అది దోశల షాపు కోసం తెచ్చిన చట్టం కాదు. 2024లో అయితే వాణిజ్య మంత్రిత్వ శాఖ 18వ నంబరు అకామా, అంటే మనం షూన్ అని పిలుచుకునే దాని మీద ఉన్నవారిని కంపెనీల్లో భాగస్వాములుగా చేర్చడాన్నే నిలిపివేసింది. ఇటువంటి ఉత్తర్వులు వస్తుంటాయి, సడలుతుంటాయి, మళ్లీ బిగుస్తుంటాయి. కాబట్టి పోయినేడాది ఫలానా ఆయన చేశాడు కదా అన్నది ఆధారం కాదు. సంతకం పెట్టే వారంలో నియమం ఏమిటో మంత్రిత్వ శాఖలోనే తెలుసుకోవాలి. మందూబ్ నోటిమాట సరిపోదు.

లెక్కలేని ఉత్సాహం మన కూలి బతుకుల జబ్బు మాత్రమేనని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. ఇదే కువైట్‌లో, ఇంతకన్నా ఎన్నో రెట్లు చదువుకున్నవారు, డబ్బున్నవారు ఇదే గోతిలో పడ్డారు. సూక్ అల్ మనాఖ్ పేరు పాతవాళ్లు కొందరు వినే ఉంటారు. పూర్వం ఒంటెల బేరాలు సాగిన చోట కట్టిన భవనంలో, ప్రభుత్వ అనుమతి లేకుండా నడిచిన షేర్ మార్కెట్టు అది. అక్కడ షేరు కొనడానికి చేతిలో డబ్బు అక్కరలేదు. ముందు తేదీ వేసి చెక్కు రాస్తే చాలు. ఆ తేదీ వచ్చేలోగా షేరు ధర పెరుగుతుంది, అమ్మి చెక్కుకు డబ్బు కడతాం అన్నది అందరి ధైర్యం. అదీ ఒక రకం "అట"యే. 1982 ఆగస్టులో ఒకరు చెక్కులు బ్యాంకుకు తీసుకెళ్లారు, వెనుకనే అందరూ పరుగెత్తారు. చెల్లని చెక్కులన్నీ కలిపితే సుమారు 9,400 కోట్ల డాలర్లని తేలింది. చమురు దేశమే ఏళ్ల తరబడి తేరుకోలేకపోయింది. మరి 150 దినార్ల జీతగాడి సంగతి చెప్పాలా?

ఇక మన ఊరి ప్రతిపాదనలకు వద్దాం. ఇక్కడ చిక్కు లైసెన్సు మనది కాకపోవడం. అక్కడ చిక్కు మనం ఎదురుగా లేకపోవడం. డబ్బు మనది, చేతులు ఇంకొకరివి, మధ్యలో సముద్రం. ఇది తెలిసీ మనం రాసుకునే కాగితం ఏపాటిదో చూడండి. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలో ఒక నిబంధన ఉంది. భాగస్వాముల మధ్య వేరే ఒప్పందం ఏదీ లేకపోతే లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి. పెట్టుబడి ఎవరిదెంత అన్నది కాదు, సమానంగా! మీరు పది లక్షలు పెట్టి, మీ పిన్ని కొడుకు లక్ష పెట్టి, వాటాల మాట రాసుకోకుండా వ్యాపారం మొదలుపెడితే చట్టం దృష్టిలో లాభం చెరిసగం, నష్టం చెరిసగం. అదే చట్టం ప్రకారం వ్యాపారంలో పని చేసినందుకు భాగస్వామికి విడిగా జీతం ఉండదు, ఉండాలంటే రాసుకోవాలి. రోజంతా అక్కడ ఒళ్లు వంచే తమ్ముడు ఏడాది తిరిగేసరికి "నా కష్టానికి విలువ ఏదన్నా?" అని అడుగుతాడు. న్యాయమే కదా. ఆ న్యాయం మొదటి రోజే అంకెగా రాసి ఉంటే అన్నదమ్ములు విడిపోరు. సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించకపోతే, ఒప్పందంలోని హక్కు కోసం భాగస్వామి మీద కోర్టుకు వెళ్లడానికి కూడా వీలుండదని ఆ చట్టంలోనే ఉంది. బయటివారికి సంస్థ బాకీ పడితే మాత్రం నమోదు లేదని మిమ్మల్ని వదలరు. ప్రతి భాగస్వామీ మొత్తం అప్పుకు బాధ్యుడే.

పొలం కొని తోట వేద్దాం, చెరువు తవ్విద్దాం అనే ప్రతిపాదనలు కోనసీమ, పశ్చిమ గోదావరి వైపునుంచీ, మన కడప, అన్నమయ్య జిల్లాల వైపునుంచీ చాలా వస్తుంటాయి. విదేశంలో ఉంటున్న భారతీయుడు, అంటే ఇక్కడున్న మనం, ఇండియాలో వ్యవసాయ భూమిని మన పేరుతో కొనడానికి విదేశీ మారక చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వారసత్వంగా రావచ్చు, కొనడం కుదరదు. అందుకే భూమి భార్య పేరునో, తండ్రి పేరునో, తమ్ముడి పేరునో వెళ్తుంది. అది తప్పని కాదు. కానీ ఎవరి పేరు ఉంటే వారిదే భూమి అన్న సంగతి రిజిస్ట్రేషన్ రోజున తెలిసి ఉండాలి, పంపకాల రోజున కాదు. చేపలు, రొయ్యల చెరువుల్లో వాటా పెట్టేవారికి ఇంకొక సంగతి. తెల్లమచ్చ తెగులు వస్తే చెరువు మొత్తం పోతుందని అందరికీ తెలుసు. చెరువు బాగున్నా డబ్బు రాకపోవచ్చని 2025లో తెలిసింది. ఆ ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ భీమవరం వైపు గట్ల మీద పడింది. రొయ్య చావలేదు, రైతు తప్పు చేయలేదు. పంట అమ్ముడు కాకపోతే ఎన్ని నెలలు ఆగగలం అన్న ప్రశ్న ప్రతిపాదన తెచ్చినవాడు వేయడు. మనమే వేయాలి.

గేదెల ఫారం లెక్క ఒకటి వివరంగా చూద్దాం, ఎందుకంటే మా దగ్గరకు వచ్చే ప్రతిపాదనల్లో ఎక్కువ ఇవే. బావమరిది ఫోనులో చెప్పే లెక్క ఇలా ఉంటుంది. గేదె 90,000 చొప్పున పది గేదెలు, 9 లక్షలు. షెడ్డు, బోరు కలిపి 3 లక్షలు. రోజుకు గేదె 8 లీటర్లు, పది గేదెలకు 80 లీటర్లు, లీటరు 50 రూపాయలు, రోజుకు 4,000, నెలకు లక్షా ఇరవై వేలు. "పది నెలల్లో నీ పన్నెండు లక్షలు నీ చేతిలో పెడతాను బావా" అంటాడు. వినడానికి పాలలాగే తెల్లగా ఉంది.

కానీ గేదె ఏడాది పొడవునా పాలివ్వదు. ఈనిన తరువాత తొమ్మిది పది నెలలు ఇస్తుంది, తరువాత ఒట్టిపోతుంది, మళ్లీ ఈనేదాకా మేత మాత్రం మామూలే. పదింటిలో ఎప్పుడు చూసినా పాలిచ్చేవి ఏడు ఉంటే గొప్ప. ఆ ఏడింటిలోనూ కొత్తగా ఈనినది 8 లీటర్లిస్తే ఈని ఎనిమిది నెలలైనది 4 ఇస్తుంది. సగటున 6 వేసుకోండి. 42 లీటర్లు, రోజుకు 2,100, నెలకు 63,000. పది గేదెల మేత, దాణా రోజుకు తలకు 120 చొప్పున నెలకు 36,000. కూలి మనిషికి 15,000. మందులు, కరెంటు, బీమా కలిపి 4,000. మిగిలింది 8,000. అందులో బావమరిదికి ఇంకా ఏమీ ఇవ్వలేదు. దూడ చనిపోలేదు, గేదె కట్టు తప్పలేదు. ఈ అంకెలు ఊరిని బట్టి మారతాయి. మారిన అంకెలే మీరు వేసుకోండి. పాల ఫారాలతో బాగుపడ్డవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒకేసారి పది కొనరు. మూడు కొంటారు, నాలుగు నెలలకు ఇంకో మూడు, అలా ఒకటి ఒట్టిపోయేసరికి ఇంకొకటి ఈనేలా పేర్చుకుంటారు. అదే ప్రణాళిక అంటే. పెద్ద చదువు అక్కరలేదు.

పెట్టుబడిని రూపాయల్లో కాకుండా నెలల్లో లెక్కపెట్టడం మంచిదని మా అభిప్రాయం. దినారు 280 రూపాయల లెక్కన 12 లక్షలంటే సుమారు 4,285 దినార్లు. నెలకు 60 దినార్లు మిగిలించేవారికి అది 71 నెలలు. దాదాపు ఆరేళ్లు. బావమరిది అడుగుతున్నది పన్నెండు లక్షలు కాదు, మీ ఆరేళ్లు. ఆరేళ్లు ఇవ్వమంటే ఎవరైనా రెండు ప్రశ్నలు అడుగుతారు.

ఇక్కడ మన అక్కచెల్లెళ్ల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. ఇళ్లలో పని చేసేవారికి కువైట్‌లో 2015లో ప్రత్యేక చట్టం వచ్చింది, 2016లో కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. అంతకు కొంచెం అటూ ఇటూ జీతాలతోనే ఎంతోమంది ఆడవాళ్లు ఇళ్లు నిలబెట్టారు. కానీ ప్రతిపాదన ఆడవాళ్ల దగ్గరకు ప్రతిపాదనగా రాదు, ఆజ్ఞగా వస్తుంది. "లారీ కొంటున్నాం, డబ్బు పంపు." రైల్వే కోడూరు వైపు అక్క ఒకరు పదకొండేళ్లు ఇక్కడ పని చేసి, మరిది లారీకి విడతలు విడతలుగా డబ్బు పంపింది. "లారీ నీదే వదినా" అని అతను పంపిన మాటలు ఫోనులో ఇప్పటికీ ఉన్నాయి. బండి కాగితాల్లో మాత్రం ఆమె పేరు ఎక్కడా లేదు. తిరిగి వెళ్లాక "ఇంటిఖర్చుకు పంపావు గానీ లారీకి కాదు" అన్నారు. బిస్కెట్ల డబ్బాలో ఆమె దాచుకున్న ఎక్స్ఛేంజి రసీదులు ఉండబట్టి, పెద్దమనుషుల ముందు కొంతైనా తేలింది. చేతి మీదుగా, హుండీలో పంపి ఉంటే అదీ లేదు. అది నేరం కూడా. తల్లీ, మీ డబ్బుతో వ్యాపారం పెడుతున్నామంటే ఆ కాగితం మీద మీ పేరు ఎక్కడ ఉందో ఫోటో తీసి పంపమనండి. పంపిన తరువాతే రెండో విడత. దీనికి కోపం తెచ్చుకునేవారు అసలు ఎందుకు కోపం తెచ్చుకుంటున్నారో ఆలోచించండి.

విచిత్రం ఏమిటంటే, ఊళ్లో బ్యాంకుకు వెళ్లి లక్ష రూపాయల రుణం అడిగితే బ్యాంకువారు మనల్ని వంద ప్రశ్నలు వేస్తారు. 2008లో మొదలైన పీఎంఈజీపీ పథకం కింద దరఖాస్తు పెట్టినా ప్రాజెక్టు రిపోర్టు కావాలంటారు. యంత్రం ధర ఎంత, ముడిసరుకు ఎక్కడినుంచి, ఎన్ని నెలలకు ఖర్చూ రాబడీ సమానమవుతాయి, చేతిలో తిరుగుడు పెట్టుబడి ఎంత. ఆ పథకంలో సాధారణ వర్గాలవారు కూడా ప్రాజెక్టు ఖర్చులో పది శాతం సొంత డబ్బు పెట్టాలి. పక్కనున్న కేరళ సోదరులకు తిరిగి వచ్చిన ప్రవాసుల కోసం నోర్కా వారి ప్రత్యేక పథకం ఉంది. 30 లక్షల దాకా ప్రాజెక్టుకు 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షలు సబ్సిడీ ఇస్తారు. వారూ రిపోర్టు లేనిదే కదలరు. బ్యాంకు డబ్బుకు అంత కాగితం కావాలి. మన డబ్బుకు ఒక ఫోన్ కాల్ చాలు! బ్యాంకు అడిగే ఆ ప్రశ్నల పట్టికనే మన బావమరిదికి ఇస్తే తప్పేముంది?

అధిక వడ్డీ, సగం ధర ప్లాటు అనేవి అసలు ప్రతిపాదనల కిందికి రావు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంగతి తెలియనివారు లేరు. సుమారు 32 లక్షల మంది దగ్గర సుమారు 6,380 కోట్లు వసూలయ్యాయి. చిన్న డిపాజిటర్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు వారికి, 2021లో ఇరవై వేల లోపు వారికి చెల్లించవలసి వచ్చింది. మిగిలినవారి ఎదురుచూపులు ఆ తరువాతా సాగాయి.

కష్టకాలానికి చేతిలో ఎంత ఉంచుకోవాలి అన్నది ఇంకొక ప్రశ్న. మూడు నెలల ఖర్చు అని పుస్తకాలు చెబుతాయి. మన పక్కనున్న మహబూలాను 2020 ఏప్రిల్‌లో కరోనా కారణంగా చుట్టూ మూసివేసి జూలైలో తెరిచారు. మూడు నెలలు! అప్పుడు అక్కడ చిన్న షాపుల్లో వాటాలున్న మనవాళ్లలో నాలుగో నెల అద్దె చేతిలో ఉన్నవారు నిలిచారు, లేనివారు తాళాలు ఇచ్చేశారు. వ్యాపారం బాగా చేసినవారా కాదా అన్నది ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు.

దీనికన్నా కష్టమైన ప్రశ్న ఒకటి ఉంది, పండుగ పూట ఎవరూ మాట్లాడరు. మనం లేకపోతే? 2024 జూన్ 12న మంగఫ్ భవనంలో మంటలు లేచి 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ఆ వారమంతా ఎగైలాలో ఎవరికీ నిద్ర లేదు. మన భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. వాటా ఎవరికి చెందాలి, ఎన్ని రోజుల్లో లెక్క తేల్చాలి అన్నది పత్రంలో ఒక వాక్యం. ఆ వాక్యం ఉందో లేదో, ఆ పత్రం ఏ బీరువాలో ఉందో మీ ఇంట్లోవాళ్లకు తెలుసా? ఊళ్లో ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే, అన్ని పనులకూ చెల్లేది ఇవ్వకుండా ఫలానా పనికి మాత్రమే అని రాయించి, ఎంబసీలో ధ్రువీకరించి పంపండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలని కూడా గుర్తుంచుకోండి.

ఎగైలాలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్న రాయచోటి వైపు డ్రైవర్ అన్న ఒకరు తన దగ్గరకు వచ్చిన ప్రతి ప్రతిపాదననూ ఒక డైరీలో రాసుకుంటారు. తేదీ, తెచ్చిన మనిషి, అడిగిన మొత్తం, ఎన్ని రోజుల్లో చెప్పమన్నాడు. ఈ చివరి గడి ఆయన సొంత తెలివి. రేపటికల్లా చెప్పాలి అన్నవాటికి ఎదురుగా సున్నా చుడతారు. మిగతావారికి "వచ్చే నెల మొదటి శుక్రవారం మాట్లాడదాం" అంటారు. మొత్తం పదిహేడు ఉన్నాయి అందులో. పదకొండు మంది ఆ మొదటి శుక్రవారానికి మళ్లీ రాలేదు. ఆయన డబ్బు పెట్టింది ఒక్కదాంట్లో. ఊళ్లో భార్య నడిపే పిండిమర. "మా ఆవిడ రోజూ అక్కడే ఉంటుంది, లెక్క ఆమెకే బాగా వచ్చు" అని కారణం చెప్పారు. అంతకు మించి ఆయనను అడిగినా చెప్పరు.

మొన్న మా గదికి వచ్చిన కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాం. వాళ్లన్నకు ఊళ్లో ఇప్పటికే గేదెలున్నాయట, ఇంకో పది కొంటే వాటా ఇస్తాడట. మేము అతనితో అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఇప్పుడున్నవాటిలో ఈ వారం పాలిస్తున్నవి ఎన్ని, పాల కేంద్రంలో పోసిన చీటీలు ఉన్నాయా, అడుగు" అని మాత్రం చెప్పాం. అన్నకు మొదట కోపం వచ్చిందట. నన్నే అనుమానిస్తావా అని రెండు రోజులు ఫోను ఎత్తలేదట. మూడవ రోజు వాట్సాప్‌లో చీటీల ఫోటోలు వచ్చాయి, పదిహేను రోజులవి. నలిగిపోయి ఉన్నాయి, కొన్నింటి మీద అంకెలు సరిగా కనబడడం లేదు. నిన్న రాత్రి ఆ కుర్రవాడు, మాలో ఒకరు కలిసి మంచం మీద కూర్చుని ఫోను పెద్దది చేసి చూస్తూ, ఒక్కొక్క చీటీలోని లీటర్లు కాగితం మీద ఎక్కించారు. ఉన్నవి ఎనిమిది గేదెలు, పాలిస్తున్నవి ఐదు. లీటర్ల మొత్తం ఇంకా తేలలేదు. రెండు చీటీలు మళ్లీ ఫోటో తీసి పంపమని అన్నకు మెసేజ్ పెట్టారు.